తొట్టెలో నిలబడ్డ ముసలాయన

మార్చిలో మా ఆఫీసులో ఒక ట్రైనింగ్ పెట్టారు. దానికి పది రోజుల ముందే మా ఫ్లోర్‌లో పద్నాలుగు మందికి మెయిళ్ళు వచ్చాయి, రెండు నెలల తర్వాత ఉద్యోగం ఉండదని. వాళ్ళలో ముగ్గురు ఆ రోజు ఆ గదిలోనే ఉన్నారు. ఒత్తిడిలో నిబ్బరంగా ఉండటం ఎలాగో చెప్పడానికి బయటి నుంచి ఒకాయన వచ్చారు. బాగానే మాట్లాడారు. స్టోయిక్కులనే పాత గ్రీకు, రోమన్ తత్వవేత్తల గురించి, మన చేతిలో ఉన్నవేవి లేనివేవి అని విడదీసుకోవడం గురించి చెప్పి, చివర్లో ఒక పాత బొమ్మ తెర మీద వేశారు. నల్లని సన్న గీతలతో చెక్కిన బొమ్మ. నడుముకి గుడ్డ చుట్టుకున్న ఒక ముసలాయన చిన్న తొట్టెలో నిలబడి ఉన్నాడు. మోకాళ్ళు కొంచెం వంగి ఉన్నాయి. చూపు పైకి ఉంది.

"ఈయన సెనెకా, రోమన్ తత్వవేత్త. నీరో చక్రవర్తి చచ్చిపొమ్మని కబురు పెడితే నరాలు కోసుకుని ఇలా నిలబడ్డాడు. ఈ ముఖంలో మీకు టెన్షన్ కనపడుతోందా? దీని ముందు మన సమస్యలు ఎంత?" అన్నారాయన.

నా పక్క కుర్చీలో ఉన్నమ్మాయి ఆ ముగ్గురిలో ఒకతె. అప్పటిదాకా నోట్స్ రాసుకుంటోంది. పెన్నుకి మూత పెట్టి, పుస్తకం మూసి, బల్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. మిగతా పావుగంటా అలాగే కూర్చుంది.

నేను ఏమీ అనలేదు. అనాల్సింది. మియాపూర్ నుంచి మెట్రోలో వస్తూ పోతూ మూడేళ్ళుగా సెనెకా ఉత్తరాలు చదువుతున్న మనిషిని. ఆ బొమ్మ కథ కూడా కొంత తెలుసు. తెలిసీ నోరు మెదపనందుకు ఇన్నాళ్ళూ మనసులో ముల్లులా ఉంది, అందుకే ఇప్పుడు రాస్తున్నాను. ఆ బొమ్మని ఎవరి ముందూ ఆదర్శంగా పెట్టకూడదని నా అభిప్రాయం, ముఖ్యంగా దెబ్బ తిని ఉన్న మనిషి ముందు. అందులో ఉన్నది సెనెకా కాదు. సెనెకా చావులోనూ రాతల్లోనూ మనకి పనికొచ్చేదేదో, దాన్ని ఆ బొమ్మలోకి రానివ్వలేదు.

ఎవరి దేహం

మాది చీరాల. తాతయ్య డెబ్భై ఏళ్ళు దాటేదాకా గుంట మగ్గం మీద నేశాడు. నాకు ఏ బొమ్మ చూసినా మొదట కళ్ళు గీతల మీదికే పోతాయి. రాగి రేకు మీద చెక్కిన బొమ్మల్లో నీడలుండవు, రంగులుండవు, గీతలే ఉంటాయి. వెలుగు పడే చోట గీతలు పల్చగా, విడివిడిగా. నీడ పడే చోట ఒక వరస గీతల మీద ఇంకో వరస అడ్డంగా, అచ్చం పడుగూ పేకా లాగా. ఆ ముసలాయన డొక్కల దగ్గర ఆ నేత ఎంత దట్టంగా ఉందంటే, వేలితో తడిమితే గరుకు తగులుతుందేమో అనిపిస్తుంది.

ఆ బొమ్మ 1615లో, ఇప్పటి బెల్జియంలో ఉన్న ఆంట్వెర్ప్ నగరంలో ప్లాంటిన్ ముద్రణాలయం వేసిన సెనెకా రచనల సంపుటంలోది. సంపుటాన్ని పరిష్కరించిన పండితుడు యుస్టస్ లిప్సియస్ అప్పటికి చనిపోయి తొమ్మిదేళ్ళు. మొదటి ముద్రణ 1605లో వచ్చింది, ఇది రెండోది. దీనికి కొత్త బొమ్మలు ఆ ఊరి చిత్రకారుడు రూబెన్స్ గీసిచ్చాడు, రాగి రేకు మీద చెక్కింది కార్నెలిస్ గాల్. అచ్చు కూడా తేలికైన పని కాదు. అక్షరాలు ఒక యంత్రం మీద, రాగి రేకు బొమ్మలు ఇంకో యంత్రం మీద వేయాలి. రేకుకి సిరా పూసి, పైపైన తుడిచేసి, గాట్లలో మిగిలిన సిరా తడి కాగితానికి ఎక్కేలా గట్టిగా నొక్కాలి. ఆ శ్రమ మీద నాకు గౌరవం ఉంది. అది ముందే చెప్పుకుంటున్నాను, ఎందుకంటే ఇకపై చెప్పేదంతా ఆ బొమ్మ మీద ఫిర్యాదు.

రూబెన్స్ 1600 నుంచి 1608 దాకా ఇటలీలో ఉన్నాడు. అప్పుడు రోములో బోర్గేసే కుటుంబం దగ్గర నల్లరాతి విగ్రహం ఒకటి ఉండేది. ముందుకు వంగిన ముసలి మనిషి, ఎండిపోయిన ఒళ్ళు, తేలిన నరాలు, కొంచెం తెరుచుకున్న నోరు. విరిగి దొరికిన ఆ విగ్రహాన్ని బాగుచేసినవాళ్ళు చనిపోతున్న సెనెకా అనుకుని ఒక తొట్టెలో నిలబెట్టారు. రూబెన్స్ దాన్ని రకరకాల వైపుల నుంచి చూసి గీసుకున్నాడు. ఊరికి తిరిగొచ్చాక ఆ గీతల నుంచే గాల్ చెక్కిన బొమ్మా పుట్టింది, ఇప్పుడు మ్యూనిక్‌లో ఉన్న పెద్ద వర్ణచిత్రమూ పుట్టింది. 1807లో నెపోలియన్ బోర్గేసే సేకరణ కొన్నప్పుడు విగ్రహం పారిస్ చేరింది. ఇప్పుడు లూవ్ర్ మ్యూజియంలో ఉంది. అక్కడ దాని పేరు సెనెకా కాదు. వృద్ధ జాలరి.

అవును, చేపలు పట్టుకునే మనిషి. గ్రీకు శిల్పులు జాలర్లనీ పశువుల కాపర్లనీ ముసలి ఆడవాళ్ళనీ ఉన్నది ఉన్నట్టు చెక్కిన కాలం ఒకటుంది. అలాంటి ఒక పాత విగ్రహానికి రోమన్లు చేయించుకున్న నకలు ఇది. ఆ మోకాళ్ళు వంగింది తత్వం వల్ల కాదు, జీవితమంతా నీళ్ళలో నిలబడి వల లాగినందువల్ల. నోరు తెరుచుకుంది ఆఖరి సందేశం చెప్పడానికి కాదు. ఆయాసపడుతున్నాడేమో, పక్క పడవలో వాణ్ణి పిలుస్తున్నాడేమో.

ముఖం సంగతీ అంతే. పీక్కుపోయిన బుగ్గలు, నుదుటి మీద పడే చెదిరిన జుట్టు ఉన్న ఒక పాత శిరస్సుని ఆ కాలం పండితులు సెనెకా అని నమ్మారు. రూబెన్స్ దగ్గర కూడా అలాంటిది ఒకటి ఉండేది. తన అన్ననీ, లిప్సియస్‌నీ, ఇంకో మిత్రుణ్ణీ, తననీ కలిపి గీసిన చిత్రంలో గూటిలో పెట్టింది ఆ తలనే. 1813లో రోములో వీపులు కలిసిన జంట శిరస్సు దొరికింది. ఒకవైపు సోక్రటీసు, రెండో వైపు సెనెకా, పేర్లు రాతి మీదే చెక్కి ఉన్నాయి. ఇప్పుడది బెర్లిన్‌లో ఉంది. అందులో సెనెకాకి బట్టతల, నిండు బుగ్గలు, గడ్డం కింద మడత. మన ఊళ్ళో వడ్డీ వ్యాపారం చేసే పెద్దమనిషి ఎలా ఉంటాడో అలా ఉన్నాడు. రెండు వందల ఏళ్ళు జనం చూసి కన్నీళ్ళు పెట్టుకున్న ముఖం ఇంకెవరిదో.

రోమన్ చరిత్రకారుడు టాసిటస్ పుస్తకంలో ఒక ఆరోపణ నమోదై ఉంది. నాలుగేళ్ళ రాచ స్నేహంలో సెనెకా 30 కోట్ల సెస్టర్సులు (రోమన్ నాణేలు) వెనకేశాడని సుయిలియస్ అనే అతను బహిరంగంగా అడిగాడు, ఏ తత్వశాస్త్రం నేర్పింది ఇది అని. అప్పట్లో రోమన్ సైనికుడికి ఏడాది జీతం 900 సెస్టర్సులు. అంటే మూడు లక్షల ముప్ఫై మూడు వేల మంది సైనికుల ఏడాది జీతం. శత్రువు చెప్పిన లెక్క కాబట్టి కొంత తగ్గించుకుందాం. సగం చేసినా, పావు చేసినా, ఆ మనిషికి ఈ జాలరి డొక్కలు రావు.

తాతయ్య కోటు

ఇది చదివిన రోజున నాకు మా ఇంటి ముందు గదిలో ఉన్న ఫోటో గుర్తొచ్చింది.

తాతయ్య పోయినప్పుడు దండ వేయడానికి ఫోటో లేదు. ఇల్లంతా వెతికితే బాబాయి పెళ్ళిలో తీసిన గ్రూపు ఫోటో ఒకటి దొరికింది. అందులో వెనక వరసలో ఉన్నాడు, ముందు నిలబడ్డ వాళ్ళ భుజాల మధ్య తల ఒక్కటే కనపడుతుంది. బాబాయి దాన్ని బజార్లో స్టూడియోకి తీసుకెళ్ళాడు. మూడు రోజుల తర్వాత ఫ్రేము కట్టి ఇచ్చారు. తాతయ్య తల, కింద ముదురు నీలం కోటు, టై, వెనక లేత నీలం తెర. జీవితంలో కోటు వేసుకోని మనిషి. ఎండాకాలం బనియను కూడా విప్పేసి మగ్గం గుంటలో కూర్చునేవాడు. పొద్దుటి నుంచి రాత్రి దాకా నాడె విసిరి విసిరి కుడి భుజం ఎడమదాని కన్నా కిందికి జారిపోయింది. ఫోటోలో భుజాలు రెండూ సమానంగా ఉన్నాయి.

ఇలాంటి ఫోటోలు మన ఊళ్ళల్లో వేల ఇళ్ళలో ఉంటాయి. అది ప్రేమతో చేసిన పనే. పోయిన మనిషిని గౌరవంగా చూపించాలన్న తపన. స్టూడియో అతను మోసం చేయలేదు, బాబాయి అడిగిందే చేశాడు. ఆంట్వెర్ప్‌లో జరిగిందీ అదే, కాకపోతే తిరగేసి. అక్కడ కోట్లున్న మనిషికి పేదవాడి ఒళ్ళు తొడిగారు. ఆ ఒళ్ళు చూస్తే జాలి పుడుతుంది, గౌరవం పుడుతుంది. ఆ గౌరవమంతా కష్టపడ్డ దేహానికి దక్కాల్సింది. అది వెళ్ళి ఇంకొకరి ఖాతాలో పడింది. ఆ జాలరికి పేరు కూడా లేదు.

మా ఆయనకి ఈ మాట చెప్తే ఒప్పుకోలేదు. "రాముడు ఎలా ఉండేవాడో ఎవరికి తెలుసు? అయినా పటం కట్టుకుని దణ్ణం పెడుతున్నాం కదా. బొమ్మకి పోలిక ముఖ్యం కాదు, భావం ముఖ్యం" అన్నారు. ఈ మాట నన్ను వారం రోజులు ఇబ్బంది పెట్టింది. పైగా ఇంకో చిక్కు ఉంది. చివరి రోజుల్లో సెనెకా విషప్రయోగానికి భయపడి అడవి పళ్ళూ పారే నీళ్ళతో గడిపాడని, తక్కువ తిండితో ఒళ్ళు చిక్కి రక్తం కూడా సరిగ్గా కారలేదని టాసిటసే రాశాడు. అంటే చనిపోయే నాటికి నిజంగానే చిక్కి ఉన్నాడు. రూబెన్స్ ఊహ మరీ గాలిలో పుట్టింది కాదు. బెర్లిన్ శిరస్సులోది బాగున్న రోజుల ముఖం కావచ్చు.

ఇది నేను ఒప్పుకుంటాను. పోలిక తప్పిందని మాత్రమే అయితే ఇంత రాయను. మా ఆయన అన్న భావం దగ్గరే నా అసలు పేచీ. ఆ బొమ్మ భావం ఏమిటి? ఒంటరిగా, ఎవరి అవసరం లేకుండా, ఎవరినీ ఏడిపించకుండా, నిలువునా నిలబడి పోయిన మనిషి. గాల్ చెక్కిన బొమ్మలో తొట్టె తప్ప పక్కన ఎవరూ లేరు. ఆ భావమే తప్పు. ఆ రోజు ఆ ఇంట్లో చాలామంది ఉన్నారు.

పక్క గదిలోకి పంపేసిన మనిషి

క్రీ.శ. 65. నీరోని చంపడానికి పిసో అనే అతని పేరు మీద సాగిన కుట్ర బయటపడింది. నీరో పంపిన అధికారి రోముకి నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న ఇంటికి వచ్చేసరికి సెనెకా భార్య పాంపేయా పౌలీనాతోనూ ఇద్దరు స్నేహితులతోనూ భోజనం చేస్తున్నాడు. చావమన్న ఆజ్ఞ వచ్చాక వీలునామా తెమ్మన్నాడు, సైనికాధికారి వీల్లేదన్నాడు. స్నేహితులు ఏడిస్తే మందలించాడు. పౌలీనాని కౌగిలించుకుని, ఎప్పుడూ ఇదే దుఃఖంలో ఉండిపోవద్దని బతిమాలాడు. తానూ చచ్చిపోతానంది ఆమె. అతను కాదనలేదు. తన తర్వాత ఆమెని ఎవరు ఏం చేస్తారో అన్న భయం ఒకటి, ఆమెకి దక్కే కీర్తికి అడ్డు రాకూడదన్నది ఒకటి. ఇద్దరూ ఒకేసారి చేతులు కోసుకున్నారు.

ఆ తర్వాత జరిగింది ప్రశాంతంగా ఏమీ లేదు. అతనికి రక్తం సరిగ్గా రాలేదు, కాళ్ళు కూడా కోయాల్సి వచ్చింది. బాధ భరించలేనంతగా ఉంది. తన అవస్థ చూసి ఆమె, ఆమె అవస్థ చూసి తాను ధైర్యం పోగొట్టుకుంటామని, ఆమెని వేరే గదిలోకి వెళ్ళమన్నాడు. విషం తాగాడు, పని చేయలేదు. వేడి నీళ్ళ తొట్టెలోకి దిగాడు, చుట్టూ ఉన్న బానిసల మీద ఆ నీళ్ళు చిలకరించి విమోచకుడైన జూపిటర్‌కి అర్పణ అన్నాడు. చివరికి స్నానపు గదిలోకి మోసుకెళితే ఆ ఆవిరిలో ఊపిరాడక పోయాడు. మోసుకెళ్ళారు అని గమనించండి. నిలబడి లేడు.

ఈ మనిషికి ఉబ్బసం. ఒక ఉత్తరంలో రాశాడు, వైద్యులు ఆ జబ్బుని చావుకి రిహార్సల్ అంటారని. జీవితమంతా ఊపిరి కోసం కొట్టుకున్న మనిషి చివరికి ఊపిరాడకే పోయాడు. ఇది తలుచుకుంటే నాకు గుండె పిండినట్టవుతుంది. ఆ బొమ్మ చూస్తే మాత్రం ఏమీ అవదు. అందులో ఊపిరాడని మనిషి లేడు.

మ్యూనిక్ చిత్రంలో రూబెన్స్ కొంతమందిని చేర్చాడు. సైనికులున్నారు, నరం కోసే వైద్యుడున్నాడు, కింద కూర్చుని ఆఖరి మాటలు రాసుకునే లేఖకుడున్నాడు. లేఖకుడి కాగితం మీద ధీరత్వానికి లాటిన్‌లో వాడే మాట మొదటి మూడు అక్షరాలు కనపడతాయి. సెనెకా అప్పుడు చెప్పి రాయించిన మాటలు అందరి దగ్గరా ఉన్నాయి కాబట్టి మళ్ళీ రాయనన్నాడు టాసిటస్. మనకి అవి మిగల్లేదు. ఆ ఖాళీలో చిత్రకారుడు తనకి నచ్చిన మాట రాసుకున్నాడు. అందరికీ చోటిచ్చిన ఆ చిత్రంలో కూడా పౌలీనా లేదు.

నేను మొదట్లో రూబెన్స్ మీద కోపం తెచ్చుకున్నాను. తర్వాత అర్థమైంది, ఆమెని మొదట బయటికి పంపింది సెనెకాయే. దయతోనే పంపి ఉంటాడు. మా ఇళ్ళల్లో కూడా ఆఖరి ఘడియల్లో ఆడవాళ్ళని అవతలికి తీసుకెళ్ళమంటారు, చూడలేరని. కానీ తలుపు మూసుకున్నాక అవతలి గదిలో ఏం జరిగిందో ఎవరికీ పట్టదు.

అవతలి గదిలో పౌలీనా బతికింది. నీరోకి ఆమె మీద పగ లేదు, పైగా మరీ క్రూరుడన్న పేరొస్తుందని ఆమెని చావనివ్వొద్దని కబురు పెట్టాడు. సైనికులు తొందరపెడితే బానిసలూ విముక్తులూ ఆమె చేతులకి కట్లు కట్టి రక్తం ఆపారు. అప్పుడు ఆమెకి స్పృహ ఉందో లేదో తెలియదంటాడు టాసిటస్. వెంటనే ఊరి మాట కూడా రాశాడు. నీరో క్షమించడని భయమున్నంతసేపూ భర్తతో పోయిన కీర్తి కోరుకుందట, బతకొచ్చని ఆశ తగిలేసరికి బతుకు తీపికి లొంగిపోయిందట. ఆ తర్వాత కొద్ది ఏళ్ళే బతికింది. భర్త జ్ఞాపకాన్ని గౌరవంగా నిలుపుకుంది. ముఖం, చేతులు పాలిపోయి ఉండేవి, ఎంత ప్రాణం పోయిందో చూస్తేనే తెలిసేలా.

ఆ ఊరి మాట చదువుతుంటే రెండు వేల ఏళ్ళ దూరం కనపడలేదు నాకు. తాతయ్య పోయిన రెండో రోజు నాయనమ్మ అన్నం తింది. ఆవిడకి షుగరు, తినకపోతే కళ్ళు తిరుగుతాయి. అమ్మే కలిపి బలవంతంగా పెట్టింది. సాయంత్రానికి అరుగు మీద కూర్చున్న చుట్టాల్లో ఒకావిడ మెల్లగా అనడం నేను విన్నాను: "ఆకలి ఆకలే కదమ్మా, మనిషి పోతే మాత్రం." నాయనమ్మ కూడా వింది. ఆ తర్వాత పన్నెండో రోజు దాకా చుట్టాల ముందు విస్తట్లో చేయి పెట్టలేదు, రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో తినేది.

ఉత్తరాల్లో ఉన్న మనిషి

సెనెకా తన స్నేహితుడు లూసిలియస్‌కి రాసిన ఉత్తరాలు 124 మిగిలాయి. అందులో 104వ ఉత్తరం మొదటి పేరాలు నేను ఎన్నిసార్లు చదివానో. జ్వరం వస్తే రోము వదిలి నోమెంటమ్‌లో ఉన్న తోటకి బయల్దేరాడు. పౌలీనా వెళ్ళొద్దని ఆపబోయింది. ఆమె ప్రాణం నా ప్రాణం మీద ఆధారపడి ఉంది, అందుకే ఆమె కోసం నన్ను నేను చూసుకోవడం మొదలుపెట్టాను అంటాడు. నన్ను ఇంకొంచెం ధైర్యంగా ప్రేమించమని ఆమెకి చెప్పలేకపోయాను, నన్ను నేను ఇంకొంచెం జాగ్రత్తగా ప్రేమించుకోమని ఆమె నాకు చెప్పగలిగింది అంటాడు. ఇంకా ముందుకెళ్ళి, భార్య కోసం, స్నేహితుడి కోసం ఇంకొన్నాళ్ళు ఉండటానికి ఇష్టపడకుండా చచ్చిపోతానని పట్టుబట్టేవాడు సుకుమారుడు అంటాడు. 78వ ఉత్తరంలో ఇంకోటి. పడుచు వయసులో జబ్బుతో విసిగిపోయి చావాలనుకున్నాడట. ముసలి తండ్రి తట్టుకోలేడని ఆగిపోయాడు. ఒక్కోసారి బతికుండటమే ధైర్యం అని అక్కడే రాశాడు.

ఈ మాటలు రాసిన మనిషి సంపుటానికి ముందు ఏ బొమ్మ పెట్టారో చూడండి. చావు గురించి కూడా అతను బోలెడు రాశాడు నిజమే. స్వేచ్ఛకి దారి ఎప్పుడూ తెరిచే ఉంటుందన్న ఉత్తరాలున్నాయి. అవి చదివినప్పుడు నాకు భయం వేస్తుంది. ఆ ఉత్తరాలూ ఈ ఉత్తరాలూ ఒకే మనిషివి, రెండింటి మధ్యా అతను నలిగాడు, 65లో ఆ రోజు భోజనాల బల్ల దగ్గర కూడా నలిగే ఉంటాడు. నలిగిన మనిషిని తీసేసి నిలబడ్డ మనిషిని పెట్టింది బొమ్మ.

ఆంట్వెర్ప్ వాళ్ళకి అది ఎందుకు కావాల్సి వచ్చిందో అర్థం చేసుకోగలను. 1576లో స్పానిష్ సైనికులు ఆ ఊరిని దోచుకుని వేలమందిని చంపారు. 1585లో ముట్టడి తర్వాత ఊరు లొంగిపోయింది, కొద్ది ఏళ్ళలోనే జనాభా సగానికి పడిపోయింది. ఆ యుద్ధాల మధ్యే లిప్సియస్ నిలకడ గురించి పుస్తకం రాశాడు. 1609లో పన్నెండేళ్ళ సంధి కుదిరాక, ఆ ఊపిరి దొరికిన కాలంలో 1615 సంపుటం వచ్చింది. అంతా కూలిపోయిన చోట కూలిపోని మనిషి బొమ్మ ఒకటి కావాలి. పైగా సెనెకాకీ సెయింట్ పాల్‌కీ మధ్య ఉత్తరాలు నడిచాయన్న పాత నమ్మకం ఉంది, జెరోమ్ అనే పాత క్రైస్తవ పండితుడు సెనెకాని తన మహనీయుల జాబితాలో చేర్చాడు. తొట్టెలో నిలబడి పైకి చూసే ముసలాయన క్రైస్తవ కళ్ళకి బాప్టిజం లాగా కనపడి ఉంటాడు. దెబ్బలు తిన్నవాళ్ళు తమ కోసం తాము చేసుకున్న బొమ్మ అది. వాళ్ళ దగ్గర నుంచి దాన్ని నేను లాక్కోను. దెబ్బ కొట్టినవాళ్ళ తరఫున వచ్చిన మనిషి దాన్ని తెర మీద వేసి టెన్షన్ ఏదీ అని అడిగితే మాత్రం ఊరుకోలేను.

అదే కుట్రలో ఇంకో మనిషి ఉంది. ఎపికారిస్, బానిసత్వం నుంచి విడుదలైన స్త్రీ. ఒక రోజంతా చిత్రహింసలు పెట్టినా ఒక్క పేరు చెప్పలేదు. రెండో రోజు కీళ్ళు తప్పి నడవలేకపోతే కుర్చీలో మోసుకెళ్ళారు, ఆ దారిలోనే ప్రాణం తీసుకుంది, పేర్లు బయటికి రాకుండా. స్వతంత్రులుగా పుట్టిన మగవాళ్ళు, సంపన్న అశ్విక వర్గం వాళ్ళు, సెనేటర్లు ఒంటి మీద దెబ్బ పడకముందే తమకి అత్యంత ఇష్టమైన వాళ్ళ పేర్లు చెప్పేశారని, ఈమె తనకి సరిగ్గా తెలియనివాళ్ళని కాపాడిందని టాసిటస్ రాశాడు. అతని పుస్తకంలో ఆమె సెనెకాకి కొన్ని పేజీల ముందే ఉంది. ఆ ట్రైనింగ్‌లో ఆమె పేరు వినపడలేదు. చచ్చినవాడి కళ్ళు చారెడు అంటాం కదా, ఆ చారెడు కొలత కూడా అందరికీ దక్కదు.

ట్రైనింగ్ అయిన మర్నాడు క్యాంటీన్‌లో ఆ అమ్మాయి పక్కన కూర్చుని ఇదంతా చెప్పాను. పౌలీనా గురించీ, ఆ 104వ ఉత్తరం గురించీ. చాలాసేపు విని, "మా అమ్మకి ఇంకా చెప్పలేదక్కా, బీపీ పెరుగుతుందని. రోజూ ఆఫీసు టైముకే బయటికొస్తున్నాను, నోటీసు అయ్యాక కూడా అలాగే రావాలేమో" అంది. ఆమె ముఖంలో టెన్షన్ ఉంది. ఉండాలి కదా. మొన్న జూన్‌లో చిన్న కంపెనీలో చేరింది, జీతం తక్కువ. చేరాకే వాళ్ళమ్మకి చెప్పింది.

నాయనమ్మ తాతయ్య తర్వాత పదకొండేళ్ళు బతికింది. ఆ ఫోటోకి రోజూ పూలు పెట్టేది కానీ ఎప్పుడూ దాని వైపు చూసి మాట్లాడేది కాదు, మగ్గం గుంట ఉన్న మూల వైపు చూసి మాట్లాడేది. ఒకసారి నేను సెలవులకి వెళ్ళినప్పుడు ఫోటో గోడ మీంచి దింపించి, పాత తువ్వాల్లో చుట్టి, నన్ను తోడు తీసుకుని స్టూడియోకి వచ్చింది. ఈ కోటు తీసేయి నాయనా, ఆయన ఒంటి మీద ఇది లేదు అని అడిగింది. స్టూడియో అతను మంచివాడు, కంప్యూటర్‌లో పాత ఫైలు వెతికి తెరిచి చూపించాడు.

"తీస్తానమ్మా, కానీ కింద ఏం లేదు. మీరిచ్చిన ఫోటోలో తల ఒక్కటే ఉంది" అన్నాడు.

నాయనమ్మ తెర దగ్గరికి వంగి కాసేపు చూసింది. తర్వాత ఫ్రేముని మళ్ళీ తువ్వాల్లో చుట్టి చంకలో పెట్టుకుని, రిక్షా పిలవమంది.